డాక్టరుకు చెప్పని సూదులు

పిల్లల కోసం దవాఖానకు తిరుగుతున్న భార్యాభర్తలిద్దరు భర్త రిపోర్టు డాక్టరుకు చూపించి, ఆర్మూర్ బస్టాండు పక్క దవాఖాన మెట్ల మీద ఆగారు.

"వీర్యకణాలు శానా తక్కువున్నయన్నడు. సూదులు, గోలీలు ఏమన్న వాడుతున్నవా అని అడిగితే లేదన్నవేంది?"

"జిమ్ముల ఏసుకునేటివి మందులా నవనీతా? కండల కోసం స్టెరాయిడ్లు గవి."

"ఎన్ని రకాలు?"

"రెండు సూదులు, ఒక గోలి. అన్నీ జరంత జరంతనే. ఒక్కటే ఎక్కువ ఏసుకుంటే నష్టం గని, గిట్ల కలిపి కొద్దికొద్దిగ ఏసుకుంటే ఏం కాదని కోచ్ చెప్పిండు."

"కోచ్ డాక్టరా?"

"కాదు."

"స్కానింగులు నాకే, గోలీలు నాకే. నాలనే లోపమున్నదని మీ అమ్మ వాడకట్టంత చెప్పింది. నువ్వు పక్కనే కూసొని ఇన్నవ్."

"ఆ సూదులతోని గిట్లయితదని నాకు తెల్వదే. వచ్చే నెల నిజామాబాద్‌ల బాడీబిల్డింగ్ పోటీ ఉన్నది. అది కాంగనే బంద్ చేస్త."

"వచ్చే నెల కాదు. ఇప్పుడే లోపలికి పోయి అన్ని చెప్పు. ఎట్ల బంద్ చెయ్యాల్నో ఆయన్నే అడుగుదాం."

"సిగ్గయితది."

"నాకు కాలేదా? ఇన్నొద్దులు ఒక్కదాన్నే పోయిన లోపలికి."

"అమ్మకు?"

"అమ్మకు ఇయ్యాల నువ్వే చెప్తవ్."

అతడు మెట్లెక్కి తలుపు దగ్గరి నర్సును పిలిచాడు.

"సిస్టర్, డాక్టర్ సాబ్‌కు ఒక ముచ్చట చెప్పుడు మర్సిపోయిన."

"మర్సిపోలేదు," అంది ఆమె వెనక నుంచి. "దాసిపెట్టిన అని చెప్పు."

"దాసిపెట్టిన సిస్టర్," అన్నాడతడు.