ముట్టని పులుసు

గండిమైసమ్మ అవతల ఒక చెరువు కట్ట. పరీక్షల కోసం నీళ్లు, బురద, చేపలు తీసుకెళ్లడానికి నెలనెలా వచ్చే ల్యాబ్ అమ్మాయి సీసాలు సర్దుకుంటోంది. ఆమెకు చేపలు పట్టి ఇచ్చే ముసలమ్మ పక్కనే కూర్చుంది.

“నిన్న అల్వాల్ల నిన్ను జూసిన బిడ్డా. దుకాణం కాడ రవ్వ చేపలు కొట్టిచ్చుకుంటున్నవ్.”

“అవునవ్వా.”

“రెండేండ్ల సంది మా ఇంట్ల పులుసు పెడితే, నేను చేపలు ముట్టనంటివి గదా. మా వంట నచ్చదా?”

“వంట గాదవ్వా. గీ చెరువు చేపల్ల ఫ్యాక్టరీల మందులు ఉన్నయ్. కంటికి కనవడవు, వాసన గుడ రాదు. మా మిషన్ల దొరికినయ్.”

“ఎన్నడు దొరికినయ్?”

“మొదటి నెలల్నే.”

“మరి మాకు జెప్పలే.”

“రిపోర్టు పైకి పంపినం. అది బయటికొచ్చేదాంక ఎవ్వలికీ చెప్పొద్దన్నరు.”

“నువ్వయితే గా నెల సందే తినలే.”

అమ్మాయి మూత పెట్టిన సీసాకే మళ్లీ మూత బిగించింది.

“మా కోడలు కడుపుతోని ఉన్నది బిడ్డా. బలమని దినాం నేనే చేపలు వండిపెడుతున్న. పోయిన నెల నీకు జెప్పిన గా ముచ్చట. మంచిదవ్వా అన్నవ్.”