వాకిట్లో పీట

ఎనభై ఆరులో, సొంతూరు తెనాలికి బదిలీ అయిన మేనేజరు దిల్‌సుఖ్‌నగర్ బ్యాంకులో ఆఖరి చాయ్ తాగుతున్నాడు. ఎదురుగా కర్మన్‌ఘాట్‌లో పుట్టిపెరిగిన గుమాస్తా పాండురంగం.

"నిన్న ఊళ్ళో మా అమ్మకు ట్రంకాల్ చేసి 'జర ఆగమ్మా' అన్నానండీ. 'ఎవరు బాబూ మాట్లాడేది?' అంది," అన్నాడు మేనేజరు.

పాండురంగం నవ్వబోయి ఆపుకున్నాడు.

"మా అమ్మ గూడ నన్ను గుర్తువట్టలే సార్."

"అదేంటి?"

"మీరొచ్చిన కొత్తల, కౌంటర్ల మంచి తెలుగు మాట్లాడుమన్నరు గద. గదే అలవాటైంది. మొన్న వాకిట్ల నిలవడి 'ఏం చేస్తున్నావమ్మా' అన్న. ఎవరో ఆఫీసరొచ్చిండని లోపట్నుంచి పీట దెచ్చి ఏసింది."

మేనేజరు గ్లాసు కింద పెట్టాడు.

"ఇకనుంచి కౌంటర్లో మీ అమ్మ మాటే మాట్లాడండి."

"కొత్త సారుది ఏ ఊరు సార్?"

"మా పక్కూరే," అన్నాడు మేనేజరు, మెల్లగా.