ఒక్క క్లోరిన్ మిగిలిన నీళ్లు

నూట ఎనభై, పాస్టరయ్యగారూ. లీటరు నీళ్లల్ల నూట ఎనభై మైక్రోగ్రాములు. నేను పని మొదలుపెట్టిన రోజు మన పేట బోరింగుల ఉన్న విషం లెక్క అది. మీరేమో 'జోయెలూ, మూడుకు దింపినోడివి, ఇంకేంది నీ బాధ' అంటున్నరు.

మూడే. అవ్. కానీ ఏది మూడు?

మళ్ల చెప్త, వినండి. మన పేట పక్కన మూతబడ్డ ఆ ఇనుప షెడ్డోళ్లు సామాన్ల జిడ్డు కడిగిన మందును గుంతల పారబోసిన్రు. అది భూమిల దిగింది. దానికి మూడు క్లోరిన్లు అంటుకొని ఉంటయి. గాలి తగలని నల్లబురదల బతికే సూక్ష్మజీవులు వాటిని ఒక్కొక్కటే పీకుతయి. నేను చేసిందల్లా పైపు దించి బెల్లం నీళ్లు పోసుడు. వాటికి తిండి. ఏడు నెలలు పోసిన. పని చేసినయి.

మూడూ పీకితే విషం పోయినట్టు. రెండు పీకి ఆగితే? ఒక్క క్లోరిన్ మిగిలినది మొదటిదానికంటే చెడ్డది. క్యాన్సర్ తెచ్చేది.

ఆగినయి అయ్యగారూ. ఆఖరిది పీకే జీవి మన బురదల లేనట్టుంది.

ఇప్పుడే తెలిసిందా అంటరా? కృతజ్ఞత కూడిక నాడే ల్యాబ్ కాయితం నా జేబుల ఉండె. మొదటి వరుసల పాత విషం, మూడు. రెండో వరుసల ఆ ఒక్క క్లోరిన్ మిగిలినది, డెబ్బై ఒకటి. చదివిన. అప్పటికే పందిరి వేసిన్రు, బిర్యానీ దించిన్రు, మీరు శాలువా కప్పి మైకు చేతికిచ్చిన్రు. పది రోజులల్ల అదీ తగ్గుతది లే అనుకొని, మొదటి వరుస ఒక్కటే సాక్ష్యం చెప్పిన. అందరు స్తోత్రం అన్నరు. ఏడాదిగా ముట్టని నీళ్లు ఆ పూటనే తాగిన్రు.

కన్నమ్మవ్వ ఒక్కతే నమ్మలే. అరకిలోమీటరు నడిచి పొలం మోటారు కాన్నే తెచ్చుకుంటనన్నది. ఆమె బిందె గుంజుకొని బోరింగు కాడ నింపిచ్చింది నేనే.

ఇరవై రెండు రోజులయింది. పొద్దున రెండో రిపోర్టు వచ్చింది. డెబ్బై నాలుగు.

నలభై ఒక్క ఇండ్లు. మనిషికి రోజుకు మూడు లీటర్లు వేసుకోండి... వద్దు లెండి. ఆ లెక్క నాలుగుసార్లు కట్టిన.

ఏందీ, ఆదివారం దాక ఆగాల్నా? దేవుని పేరు పోతదా? పోయేది నా పేరు. రెండో వరుస దాచమని దేవుడు చెప్పలే.

బోరింగు హ్యాండిలు విప్పేసిన. బండి మీదుంది. ఇంక ఇల్లిల్లు తిరిగి బిందెలు బోర్లించాలె, నా నోటితోనే చెప్పాలె. మొదటి ఇల్లు మీదే. అమ్మగారు ఆ నీళ్లతోనే పొయ్యి మీద ఎసరు పెట్టినట్టున్నరు.

కొంచెం జరగండి, లోపలికి పోవాలె.