బీరువా కాలు కింద ఆకు

"అమ్మమ్మా, పూజలో ఈ పత్థర్ ఏటి?"

రాయే గానీ సరిగ్గా చూడు, మధ్యలో ఆకు లేదూ? మీ తాతయ్య స్టీలు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో చేసేవోరు కదా, బొగ్గుతో పాటు వేగన్లో వొచ్చిన నల్లరాయి కందిబద్దల్లాగ రెండుగా విడిపోయిందట. రెండింట్లోనూ అదే ఆకు. రుఆబాంధా క్వార్టర్‌కి తెచ్చేరు... కాదు కాదు, అప్పుడింకా మరోదా క్వార్టర్లో ఉన్నాం. మా అత్తగారు ఒక ముక్క చూసి, మావిడాకులో అమ్మవారు వెలిసిందనేసి, శుక్రవారం శుక్రవారం నూనె రాసి పసుపు పెట్టేవారు. రెండోది ఏమయిందో ఎవరిక్కావాలి.

తర్వాత మీ అమ్మ ఈ రాతి ఆకుల మీదే రీసెర్చి చేస్తానంది. ఫ్రాన్స్ నుంచి ఒక పెద్దావిడ వాళ్ల కాలేజీకి వొస్తాదని, ఆవిడ ఊఁ అంటే సీటు వొస్తాదని, మా ఇంట్లో మంచి రాయి ఉందని చెప్పేసింది. ఆవిడ సామాన్యురాలు కాదే. చిన్నప్పుడు ఆడపిల్ల బొగ్గుగనిలోకి దిగకూడదన్నారట. అయితే ఏటి, గట్టు మీద కూర్చుని, పైకొచ్చిన రాళ్లే పగలగొట్టుకుని నేర్చుకుందట. రాయిని ఉల్లిపొరంత పల్చగా అరగదీసి, అద్దం కింద పెట్టి చూసేదట. వాళ్ల దేశంలో ఆ పనికి దిగిన ఆడవాళ్లలో ఆవిడే ముందు.

సరే, ఇంటికే వొచ్చింది. భూతద్దం పెట్టి చూసింది. ఆకు ఈనెల నిండా పసుపు, నూనె జిడ్డు, ఏటీ కనిపించదు. మీ అమ్మ మొహం చూళ్లేకపోయేను. అత్తగారికేమో అమ్మవారిని పట్టుకుపోతారని బెంగ. అప్పుడా మేడమ్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. "రెండో ముక్కేదీ అంటున్నారమ్మా" అంది మీ అమ్మ.

నాకు చప్పున తట్టింది. ఖుర్సీపార్ బజార్లో కొన్న బీరువా ఊగుతుంటే, గోనెగుడ్డ చుట్టి మీ తాతయ్య దాని కాలు కింద పెట్టింది అదే కదా. నలుగురం పట్టి బీరువా ఎత్తేం. గుడ్డ విప్పితే ఆకు, ఈనె ఈనె కనిపిస్తా, ఇప్పుడే కోసినట్టుంది. ఆవిడ నేల మీదే కూలబడి ఒకటే నవ్వు, కళ్లంట నీళ్లు. హమ్మయ్య అనేసి నేనూ ఏడ్చేసేను.

ఆవిడ ఏ ముక్కా తీసుకుపోలేదే. ఆ ముక్క మీ అమ్మ చేతికే ఇచ్చి, దీని మీదే రీసెర్చి చెయ్యి అంది. ఈ పూజలో రాయేమో అత్తగారి ఒళ్లో పెట్టి దణ్ణం పెట్టింది. ఆ పూట మా అత్తగారు ఆవిడకి తన చేత్తోనే కాఫీ ఇచ్చేరు.

ఆ మేడమూ, మా అత్తగారూ ఇద్దరూ పోయేరులే ఇప్పుడు. కాలు కింద రాయి తీసేసేం కదా, బీరువా మాత్రం ఇప్పటికీ ఊగుతాది. మీ మావయ్య కాలు సరిచేస్తానంటాడు, నేనొద్దంటాను. తలుపు తీసినప్పుడల్లా అది గడగడమంటే, పిల్ల చదువు దక్కింది కదా అని నాకు గుండె నిమ్మళిస్తాది. రేపు పరీక్షకి వెళ్లే ముందు నువ్వూ ఓసారి ఆ తలుపు తీసి వెళ్లు. చల్లగా ఉండు తల్లీ.