సంసోనును మింగిన కొండచిలువ

జక్కయ్యకి ఉన్నదున్నట్టు చెప్పడం రాదని కాదు. చెప్పి చూశాడు. అలా చెబితే ఎవరూ వినరు, అదీ ఆయన బాధ. తెనాలి దగ్గర నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డ మనిషి. పగలంతా ఆస్పత్రిలో ఎక్స్‌రే మిషన్లు బాగుచేసి, ఇంటికొచ్చి మళ్లీ వైర్లు ముందేసుకుని కూర్చుంటాడు. ఏషియాడ్ ఆటలైన మరుసటి ఏడు, కబాడీ బజారులో, అదే పాత సామాన్ల సంతలో, దొరికిన వైపర్ మోటారుకి ఆరు గొడుగు ఊచలు కాళ్లుగా బిగించి, పైన డాల్డా డబ్బా బోర్లించి, ఓ నడిచే యంత్రం చేశాడు. దానికి బైబిల్లోని బలశాలి సంసోను పేరు పెట్టుకున్నాడు.

సరోజినీ నగర్ క్వార్టర్స్‌లోని తెలుగు పిల్లలకి శనివారాలు చర్చి వెనక గదిలో ఈ పనులే నేర్పుతున్నాడు. వచ్చే శనివారం పిల్లలందర్నీ రిడ్జ్ అడవికి తీసుకెళ్లి, సంసోనుని అక్కడ నడిపించాలని ఆయన కోరిక. దానికి తల్లులు ఒప్పుకోవాలి. తల్లులంతా సరళకుమారి ఎంతంటే అంత. ఆవిడ వార్డు సిస్టరు, ఇద్దరు పిల్లల తల్లి, ఊరికే తల ఊపే రకం కాదు. పిల్లలు రాకపోతే ఆ గదిలో విరిగిన బెంచీలు సర్దేస్తామని సంఘపెద్దలు ముందే చెప్పేశారు.

అందుకని ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వరండాలో తన భార్య ఫ్లోరా అందరికీ టీ పోస్తుంటే, జక్కయ్య గొంతు సవరించుకున్నాడు.

"మొన్న సంసోనుని రిడ్జ్‌కి తీసుకెళ్లా."

"నడిచిందా అన్నా?" అన్నాడు యెషయా. రైల్వేలో గుమాస్తా. జక్కయ్యని ఎగదోయడం అతనికి సరదా.

"నడవడమా! కింద పెట్టగానే పది అడుగులు వేశాడయ్యా, ఆ కీకర్ తుమ్మముళ్ల మధ్యలోంచి, ఒక్క ముల్లు తగిలితే ఒట్టు. సరేలెమ్మని నేనో బండ మీద కూర్చుని ఫ్లోరా కట్టిచ్చిన పులిహోర విప్పుకుంటున్నా..."

"బ్రెడ్డు," అంది ఫ్లోరా.

"బ్రెడ్డే అనుకో. ఇంతలో ఓ నెమలి వచ్చింది. సంసోను కళ్లు టార్చిబల్బులు కదా, ఆ వెలుగు చూసి మెరుపనుకుని పురి విప్పేసింది. దాన్ని చూసి ఇంకోటి, దాని వెనక ఇంకోటి, చుట్టూ నెమళ్లు, మధ్యలో మనవాడు, వాటి అడుగుకి అడుగేస్తున్నాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వాన పడిందా?" అన్నాడు యెషయా.

"పడదా మరి? మార్చి నెలలో! మీ ఇంటి దగ్గర పడి ఉండదులే, రిడ్జ్ వరకే పడింది. తడిసిపోతున్నానని పొద కిందికి దూరాను. చూద్దును కదా, లోపల చిరుత!"

సరళకుమారి నోటిదాకా తీసుకెళ్లిన గ్లాసు ఆపేసింది. జక్కయ్యకి కడుపు నిండిపోయింది. ఇన్నాళ్లకి ఈవిడ తన మాట వింటోంది. ఇంక ఆయన్ని పట్టేవాళ్లెవరు?

"బజాజ్ స్కూటరంత ఉంది. నా ప్రాణం పైకే పోయింది. సంసోను ఆగాడా? గర్రుగర్రుమంటూ ఎదురెళ్లాడు. అదేం చేసిందంటారు? ముందుకాలెత్తి చూపించింది. కాల్లో ఇంత ముల్లు! మనవాడు ఊచతో పుటుక్కున లాగి పారేశాడు, నేను అయోడిన్ రాశాను, 'షుక్రియా భయ్యా' అన్నట్టు ఓ చూపు చూసి వెళ్లిపోయింది."

"హిందీలోనే చూసిందా?"

"ఢిల్లీ చిరుత తెలుగులో చూస్తుందిటయ్యా! అసలు సంగతి ఇంకా రాలేదు, వినండి. తిరిగొస్తుంటే వెనకాల గర్రుగర్రు వినపడ్డం మానేసింది. తిరిగి చూస్తే కొండచిలువ! సంసోనుని డాల్డా డబ్బాతో సహా మింగేసింది. పొట్టలో లైట్లు వెలుగుతూ కనపడుతున్నాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. కానీ నేను బిగించిన మోటారు ఆగుతుందా? లోపలే నడక మొదలెట్టాడు. పాకాల్సిన కొండచిలువ నడిచిపోతోంది, ఎక్కడికో దానికే తెలీదు, వెనకాల నా పరుగు, అడవి దాటింది, ధౌలా కువా చౌరస్తా ఎక్కింది, డీటీసీ బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, పొట్టలో లైట్లు చూసి ట్రాఫిక్ పోలీసు మంత్రిగారి కారనుకుని సెల్యూట్ కొట్టాడు పాపం, అలా పోయి పోయి పాలం విమానాశ్రయం గేటు ముందు..."

"జక్కయ్య గారూ," అంది సరళకుమారి. గొంతు పెంచలేదు. "శనివారం మా పిల్లల్ని తీసుకెళ్తానన్నది ఇవన్నీ ఉన్న చోటికేనా?"

తల్లులంతా ఆయన వంకే చూస్తున్నారు. ఇంత సంబరంలో జక్కయ్య ఈ సంగతే ఆలోచించలేదు.

"అబ్బే, కొండచిలువంటే మరీ కొండచిలువ కాదు సిస్టర్ గారూ. ఉడుము."

"ఉడుము పట్టుకుంటే వదులుతుందా?"

"అంటే... ఎవరో పారేసిన రబ్బరు పైపు. దూరం నుంచి అలా అనిపించింది."

"చిరుతో?"

"పిల్లి అండీ. చౌకీదారు పెంచుకుంటున్నాడు. మెళ్లో గంట కూడా కట్టాడు."

"రక్కితే పిల్లలకి సూదులు పొడవాల్సింది నేను."

"అది నిద్రపోతోందండీ!"

"నెమళ్లు?"

"అరుపు వినపడింది. అదీ చాలా దూరంగా."

"మరి వాన?" అన్నాడు యెషయా.

"నువ్వుండవయ్యా."

"సంసోను మూడడుగులేసి బోర్లా పడ్డాడు," అంది ఫ్లోరా టీ పోస్తూనే. "ఆ పూట ఈయన అన్నం ముట్టలేదు."

సరళకుమారి గ్లాసు పక్కన పెట్టేసింది. "పాము లేదు, చిరుత లేదు, నెమలి లేదు, మిషను నడవలేదు. ఏమీ లేని చోటికి పిల్లలెందుకండీ?"

వరండా అంతా గొల్లున నవ్వింది. యెషయాకి టీ పొలమారింది. జక్కయ్య మాత్రం నవ్వలేకపోయాడు. గది పోయినట్టే. పిల్లలు స్క్రూలు బిగించుకునే ఆ బల్ల మీద విరిగిన బెంచీలు పేర్చి ఉన్నట్టు కళ్లకి కట్టింది, నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. ఏదైనా అడ్డం వేద్దామంటే ఒక్క జంతువూ మిగల్లేదు.

"పేడపురుగు ఉందండీ," అన్నాడు చివరికి, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో. "సంసోను పడిపోయాక అక్కడే చతికిలబడ్డాను. పక్కనే అది పోతోంది. దానికీ ఆరు కాళ్లే. ఇటు ముందుదీ వెనకదీ, అటు నడిమిదీ నేల మీద పెట్టి, మిగతా మూడూ ఎత్తుతుంది. తర్వాత ఇవి పైకి, అవి కిందికి. ఎప్పుడు చూసినా మూడు కాళ్లు నేల మీదే, ముక్కాలి పీట నిలబడ్డట్టు. అందుకే రాళ్లలో కూడా పడదు. నేను ఇటు మూడూ ఒకేసారి, అటు మూడూ ఒకేసారి ఎత్తిస్తున్నాను, పడక ఏం చేస్తాడు? ఇది నేను చెబితే పిల్లలకి ఎక్కదండీ. నేల మీద బోర్లా పడుకుని, దాని పక్కనే పాకుతూ చూడాలి. చూసొచ్చి వాళ్లే కాళ్లు విప్పి మళ్లీ బిగిస్తే సంసోను నడుస్తాడు. అంతేనండీ, ఇంకేం లేదక్కడ."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఎంతుంటుంది ఆ పురుగు?" అంది సరళకుమారి.

జక్కయ్య చేతులు వాటంతటవే లేచాయి. మధ్యలో సొరకాయ పట్టేంత ఎడం వచ్చింది. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. ఎడం బత్తాయంత అయింది. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. నిమ్మకాయంత అయింది. ఆఖరికి రెండు చేతులూ దించేసి బొటనవేలి గోరు చూపించాడు.

"ఇంత."

"అయితే పంపిస్తాను," అంది సరళకుమారి లేచి చీర సర్దుకుంటూ. "కానీ శనివారం లోపల అది కాస్త పెరిగిందని నా చెవిన పడిందో, పిల్లలు రారు."