భారతమ్మ టిఫిన్స్ బోర్డు

ఇదేందయ్యా గిది! బండల నిండ ఎర్ర రంగు వోసుకున్నవు. లుంగీకైంది, మంచం కోడుకైంది. ఆ బ్రష్‌ల పెట్టె అటక మీదికెల్లి ఎట్ల దించినవు? ఎడమ చేత్తోనా? నెత్తి మీద వడితే ఏమైతుండె?

జరుగు. గ్యాస్‌నూనెతో తుడుస్త. జరుగుమంటున్న గదా!

ఏం రాద్దామనుకున్నవు? ఆగు... ఇది 'భ'నే గదా. వంకర వొయింది గానీ 'భ'నే.

అవ్, నాకు దెలుసు. నిన్న దవాఖానకెల్లి వస్తుంటే ఆటోల నా చెయ్యి గుంజి గుంజి జూపెట్టినవు, భారతమ్మ హోటల్ కొత్త బోర్డు. నవ్వినవు గూడ. కాలుచెయ్యి వడిపోయి, మాట వోయినకాడికెల్లి నీ మొఖంల నవ్వు జూసింది నిన్ననే. జనం ఇంకా నా రాతే అడుగుతున్నరు అనుకున్నవు. గందుకే గదా ఈ పెట్టె దించుడు?

ఇగ చెప్పాల్నే. ఎంతకని దాస్త?

ఆ బోర్డు నేనే చేసిన. వసీం భాయ్ షాపుల కంప్యూటర్ నేర్చుకుంటున్న అన్న గదా, గదే పని. ఇప్పుడంత ఫ్లెక్సులు, స్టిక్కర్లే నాయె. భారతమ్మ నువ్వెప్పుడో రాసిన రేకు బోర్డు వట్టుకొచ్చింది. "రేకు తుప్పు వట్టింది వనజా. రాత మాత్రం రామ్‌చందరన్నదే ఉండాలె. చర్ల బస్సు దిగినోళ్ళు ఆ రాత జూసే మా హోటల్ గుర్తువడతరు" అన్నది.

ఫోటో తీసి కంప్యూటర్ల బొమ్మలు గీసే కోరల్‌ల పెట్టిన. దాని మీద చుక్క ఎనుక చుక్క పెట్టుకుంట వోవాలె. నోడ్లంటరు. చుక్కకు రెండు దిక్కుల మీసాల లెక్క గీతలొస్తయ్, అవి వట్టి గుంజితే వంపు దిరుగుతది. నీ 'భ' ఒక్కదానికే పొద్దంత వట్టింది. నీ బ్రష్ ఎక్కడ ఆగిందో, మళ్ళ ఎక్కడ ముంచినవో, అన్నీ తెలుస్తుండె. నువ్వు పక్కన గూసున్నట్టే ఉండె.

వసీం భాయ్ జూసి, "వనజక్కా, ఇన్ని చుక్కలుంటే కటింగ్ మిషన్ల బ్లేడు తడబడతది, స్టిక్కర్ చినుగుతది. తీసెయ్" అన్నడు.

తీసిన. ఒక్కొక్కటి తీస్తుంటే గీత నున్నగైతుండె. నున్నగైన కొద్దీ నువ్వు కనవడకపోతివి.

'టిఫిన్స్' దిక్కు రేకంత తుప్పే. అక్షరాలే లేవు. సొంతంగ గీసిన. తీరా రెండు పక్కపక్కన పెడితే ఒక్కతీరు లేవు. "ముందటి 'భారతమ్మ' గూడ నీదాని లెక్కనే చెయ్యి అక్కా, జల్దీ" అన్నడు వసీం భాయ్. మౌస్ వట్టి గుంజి నీ అక్షరాలన్నిటినీ సెలెక్ట్ జేసిన. డిలీట్ నొక్కిన. ఒక్కసారికే వోయినయ్.

గట్ల జూడకు. ఆ బోర్డు మీద నీది ఒక్క గీత గూడ లేదయ్యా.

భారతమ్మ ఏమన్నదో ఎరికేనా? "అచ్చం అన్న చేతిరాతనే!" అని మురిసిపోయింది. ఆమె సంగతి ఇడిసిపెట్టు, నువ్వు గూడ గుర్తువట్టకపోతివి. ఆటోల చెప్దామని నోరు తెరిచిన నిన్న. నువ్వు నవ్వుతుంటివి. మూసుకున్న.

ఏడ్చినవా అంటవా? లేదు. డిలీట్ నొక్కిన పొద్దు గూడ ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి నీకింత అన్నం దినిపించి పండుకున్న. నిద్ర గూడ వట్టింది.

మణుగూరుకెల్లి ఇద్దరు దుకాణపోళ్ళొచ్చి గవే అక్షరాలు గావాలన్నరంట. అ కాడికెల్లి బండి ర దాంక అన్నీ గీసి పెట్టమన్నడు వసీం భాయ్. కంప్యూటర్ల ఆ ఫాంటుకు పేరు గూడ పెట్టేసిండు. 'వనజ' అని.

వద్దు భాయ్, ఆయన పేరు పెట్టు అందామనుకున్న. అండ్ల నీదేమున్నదని? సరే అన్న.