రిపోర్టు ఎవరి హక్కులతో నడిచింది

సెలవుల రిపోర్టు తెరవగానే కంపెనీలో ఎవరికి ఏ జబ్బుందో అంతా తెర మీద కనబడేసరికి, డేటాబేసు భద్రత చూసే ఆమె పక్క సీటు వైపు తిరిగింది. పొద్దున అందరి సెలవుల వివరాలూ చూశాడని పట్టుబడిన స్టోర్సు గుమాస్తా లాగిన్‌తోనే ఆమె దాన్ని పరీక్షకు తెరిచింది. అతనికి తన సెలవులు తప్ప మరేవీ కనబడకూడదు. పక్క సీటులో రిపోర్టులు రాసే సీనియరు ఉన్నాడు. ఆమెకు పని నేర్పింది ఆయనే.

“అన్నయ్యా, ఒకసారి ఇటు చూడండి.”

“చూడ్డానికేముందమ్మా? ఆ గుమాస్తా ఎవరి పాస్‌వర్డో కొట్టేశాడు. సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది.”

“కొట్టేయలేదు. తన లాగిన్‌తోనే మామూలుగా తెరిచాడు. అందరివీ వచ్చిపడ్డాయి.”

“నేను పరీక్షించినప్పుడు బాగానే ఉందే.”

“మీ లాగిన్‌తో పరీక్షించారు. మీకు ఎలాగూ అన్నీ కనబడతాయి. ఇక తేడా ఎలా తెలుస్తుంది?”

“నువ్వు మరీ పోలీసులా తయారయ్యావు తల్లీ.”

“నేర్పింది మీరేగా. చూసేవాళ్ళ హక్కులతో నడిచి, వాళ్ళు చూడదగ్గవే చూపాల్సిన రిపోర్టు మీ హక్కులతో నడిచి అన్నీ చూపిస్తోంది. ఎవరు మార్చారు?”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“మేనేజరు గారికి రిపోర్టు ఖాళీగా వచ్చింది. మీటింగు మొదలవబోతోంది, ఫోను మీద ఫోను చేస్తున్నారు. ఆయనకు ఏ హక్కు తక్కువైందో వెతికే ఓపిక లేక, ఎవరు తెరిచినా నా హక్కులతోనే నడిచేలా పెట్టేశాను. తర్వాత మార్చొచ్చులే అనుకుని మర్చిపోయాను. పొద్దున అతన్ని అందరి ముందూ దొంగ అంటుంటే గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా నోరు మెదపలేదమ్మా.”